చెయ్యి జివ్వుమంటే ఊరుకోకండి!

ఫ్రిజ్ తలుపు తీయబోతే వేళ్లు జివ్వుమన్నాయి. ఇస్త్రీపెట్టె అంచు తగిలి మోచేతి దాకా జిల్లుమంది. గ్రైండరు మీద చెయ్యి వేస్తే చీమలు కుట్టినట్టయింది. ఇలాంటిది ఒక్కసారైనా జరగని ఇల్లు అరుదు. జరిగినప్పుడు మనం చేసేదేమిటి? "అబ్బ, షాకు కొడుతోంది" అని చెయ్యి విదిలించుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని మళ్లీ అదే పనిలో పడతాం. ఇంటికి చుట్టాలొస్తే, "ఆ గీజరు దగ్గర కాస్త జాగ్రత్త, కొంచెం కొడుతుంది" అని చెప్పి మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం.

ఒంట్లో జ్వరం వస్తే లోపల ఏదో జబ్బు ఉందని గ్రహిస్తాం. ఆ జివ్వుమనడం మీ ఇంటికి వచ్చిన జ్వరం. ఎక్కడో ఒక తీగ మీది తొడుగు ఊడింది. కరెంటు పోకూడని చోటికి పోతోంది. ఇవాళ మీ చర్మం పొడిగా ఉంది గనుక జివ్వుమనడంతో సరిపోయింది. రేపు తడిచేత్తో ముట్టుకునే వారు మీరే కావచ్చు, మీ పసిపిల్ల కావచ్చు.

ఆరోగ్య శీర్షికలో ఈ వైరింగు గొడవ ఏమిటని మీరు అడగవచ్చు. కరెంటు షాకుతో గుండె ఆగిన మనిషికి ఆస్పత్రి దాకా వెళ్లే వ్యవధి ఉండదు. డాక్టరు చేతికి అందేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. కాబట్టి ఈ ప్రమాదానికి అసలైన వైద్యం ముందుగానే జరగాలి. అది జరగవలసింది మీ గోడలో, మీ ప్లగ్గులో, మీ మెయిన్ బోర్డులో. మీరు స్క్రూడ్రైవరు పట్టుకుని పనిలోకి దిగనక్కరలేదు. ఏది ఎందుకు ఉందో తెలిసి ఉంటే చాలు. ఎలక్ట్రీషియన్‌ను ఏమడగాలో, ఏది ఒప్పుకోకూడదో మీకే తెలుస్తుంది.

మూడు తీగల సంగతి

మన ఇళ్లలో వాడే కరెంటు 230 వోల్టులది. స్తంభం నుంచి మామూలు ఇంటికి వచ్చేవి రెండు తీగలు. ఒకటి ఫేజు. ఇది కరెంటు తెచ్చే తీగ. రెండోది న్యూట్రల్. బల్బులోనో ఫ్యానులోనో పని ముగించుకున్న కరెంటు దీని గుండా వెనక్కి పోతుంది. మూడో తీగ మీ ఇంట్లోనే పుడుతుంది. అది పెరట్లో నేలలోకి దిగిన ఎర్తు తీగ.

ఎర్తు తీగలో మామూలుగా కరెంటు పారదు. ఫ్రిజ్ లోపలో, ఇస్త్రీపెట్టె లోపలో ఫేజు తీగ తెగి బయటి ఇనుప ఒంటికి తగిలిందనుకోండి. అప్పుడా కరెంటు మీ ఒంటి గుండా పోకుండా, తేలిక దారి చూపించి నేలలోకి పంపేయడమే దీని ఉద్యోగం. ఇది ఇంటికి కాపలావాడి వంటిది. ఏళ్ల తరబడి ఏ పనీ లేకుండా కూర్చున్నట్టే ఉంటుంది. పని పడిన రోజున అతడు లేకపోతే ప్రాణం పోతుంది.

ఫేజును ముట్టుకుంటే షాకు ఎందుకు కొడుతుంది? వీధిలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ను నేలకు కలుపుతారు. అందువల్ల నేల మీద నిలబడిన మనిషి ఫేజును తాకితే, కరెంటు అతని ఒంట్లోంచి నేలలోకి దిగి, తిరిగి తన చోటికి పోతుంది. ఒకే తీగ మీద వాలిన పిచ్చుకకు ఏమీ కాదు. దానికి నేలతో సంబంధం లేదు. మనకు ఉంది.

తీగల రంగుల విషయంలో ఒక చిక్కు ఉంది. మన దేశంలో గోడల్లోని వైరింగులో ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం రంగులు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడటం ఆచారం. కాని వస్తువులతో పాటు వచ్చే త్రాళ్లలో చాలావాటికి గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు. అంటే గోడలో ఫేజుగా ఉన్న నీలం, త్రాడులో న్యూట్రల్ అవుతుందన్నమాట! పైగా ఏ రంగు తీగ మిగిలితే దాన్నే వాడేసే పనివాళ్లూ ఉంటారు. కనుక రంగు చూసి తీగను ఎన్నడూ నమ్మకండి.

స్విచ్చి కూడా ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరుతుంది గాని, హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. "స్విచ్చి తీసేశాను గదా" అని ధీమాగా స్టూలెక్కి బల్బు మార్చబోయినవారు షాకు తిని కింద పడటానికి ఇదొక కారణం. షాకు చిన్నదే అయినా, పడటంలో తల పగలవచ్చు, తుంటి విరగవచ్చు. బల్బు మార్చేటప్పుడు మెయిన్ కూడా తీసేయడం మంచి అలవాటు.

ఎంత కరెంటు ప్రాణం తీస్తుంది?

కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. ఆంపియరులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియరు. ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియరు పారితే జివ్వుమన్నట్టు తెలుస్తుంది. అంతకు పదింతలైతే కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న తీగను వదలాలన్నా వదలలేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే శాస్త్రజ్ఞుడు, ఒప్పుకుని ముందుకొచ్చిన వారి మీద జాగ్రత్తగా ప్రయోగాలు చేసి ఈ సంగతి లెక్క కట్టాడు. పట్టు వదలగలిగే హద్దు పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర అని తేలింది.

"కరెంటు మనిషిని లాక్కుంటుంది" అని జనం అనేది ఇందుకే. నిజానికి కరెంటుకు లాగే గుణం లేదు. ముంజేతిలో పిడికిలి బిగించే కండరాలు, పిడికిలి తెరిచే కండరాల కన్నా బలమైనవి. కరెంటు రెండింటినీ ఒకేసారి బిగిస్తే బలమైనవే గెలుస్తాయి. చెయ్యి తీగ మీద ముడుచుకుపోతుంది.

కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దాటితే ఊపిరి తీసే కండరాలు కూడా బిగుసుకుని శ్వాస ఆడకపోవచ్చు. సుమారు 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా ఒకటి రెండు సెకన్లు పారితే గుండె లయ తప్పవచ్చు. ఇవి ఎంత కొద్దిపాటి కరెంటో ఊహించండి. పాతకాలపు 40 వాట్ల బల్బు తీసుకునే కరెంటు సుమారు 174 మిల్లీ ఆంపియర్లు. ఇవాళ్టి తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు తీసుకునేది సుమారు 40. అంటే ఆ చిన్న బల్బు వెలగడానికి పట్టేపాటి కరెంటు చాలు, మనిషి ఊపిరి బిగబట్టేయడానికి!

మరి అందరూ షాకుతో చనిపోవడం లేదే అంటారా? కాపాడుతున్నది చర్మం. పొడిగా, గట్టిగా ఉన్న చర్మం కరెంటును లక్ష ఓముల దాకా కూడా అడ్డగించగలదు. అదే చర్మం తడిసినా, చెమట పట్టినా, గీరుకుపోయినా ఆ అడ్డు వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 230 వోల్టులను లక్షతో భాగిస్తే రెండు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు! అదే ఇల్లు, అదే తీగ, అదే మనిషి. మొదటిది "జివ్వు". రెండోది మరణం. నిన్న కొట్టి వదిలేసిన గీజరు ఇవాళ వదలకపోవడానికి కారణం ఇదే. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గదా" అనే మాట ఈ విషయంలో ఎంత మోసకారిదో చూడండి.

గుండెకు జరిగేదేమిటి?

గుండె కూడా కరెంటుతోనే నడుస్తుంది. గుండెలోనే ఒక చోట పుట్టే అతి సూక్ష్మమైన విద్యుత్తు దాని గదులన్నింటినీ వరుస తప్పకుండా ముడుచుకునేట్టు చేస్తుంది. బయటి కరెంటు వచ్చి దూరితే ఈ వరుస చెదిరిపోతుంది. గుండె కండరంలో ఏ పోగుకు ఆ పోగు విడివిడిగా వణకడం మొదలుపెడుతుంది. గుండె ఆడుతున్నట్టే ఉంటుంది గాని రక్తం ముందుకు పోదు. కొద్ది సెకన్లలో స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

కరెంటు పోయే దారి కూడా ముఖ్యం. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయినా, చేతిలోంచి కాళ్లలోకి దిగినా మధ్యలో ఛాతీ తగులుతుంది. ఒక చేత్తో నీళ్ల కుళాయి పట్టుకుని రెండో చేత్తో స్విచ్చి వేయడం, తడిగచ్చు మీద వట్టికాళ్లతో నిలబడి ప్లగ్గు పీకడం ప్రమాదకరం అనేది ఇందుకే.

ఫ్యూజు ఉందిగా అనే ధైర్యం

"మా ఇంట్లో ఫ్యూజు ఉంది, ఎం.సి.బి. ఉంది, భయం లేదు" అనుకునేవారు చాలామంది. ఇవి కాపాడేది తీగలను, మనుషులను కాదు. అయిదు ఆంపియర్ల ఫ్యూజు అంటే 5,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గాని కరగదు. మనిషి ప్రాణానికి వంద చాలు. మనిషి తీగను పట్టుకుని కొట్టుకుంటున్నా ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇల్లు తగలబడకుండా అది చూస్తుంది. అంతే.

మనిషిని కాపాడేది మరొకటి ఉంది. దాని పేరు ఆర్.సి.సి.బి. పాత అలవాటు కొద్దీ ఇ.ఎల్.సి.బి. అని కూడా అంటుంటారు. ఇది చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. ఫేజులోంచి ఇంట్లోకి ఎంత కరెంటు వెళ్లిందో, న్యూట్రల్‌లోంచి అంతే తిరిగి రావాలి. తక్కువ వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కారిపోతోందన్నమాట. అది మనిషి ఒంట్లోంచే కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో మూడో వంతు లోపల ఈ సాధనం కరెంటును తెంచేస్తుంది. తేడా ఇంకా పెద్దదైతే ఇంకా త్వరగా తెంచేస్తుంది. ఇందాక చెప్పుకున్న డాల్జీలే 1961లో అమెరికాలో ఇలాంటి సాధనాన్ని రూపొందించాడు.

మీ మెయిన్ బోర్డులో ఇది ఉందేమో చూడండి. దాని మీద "30 మిల్లీ ఆంపియర్లు" అని రాసి ఉండాలి. 100 అనో 300 అనో ఉంటే అది అగ్నిప్రమాదాల కోసం పెట్టింది, మనిషి ప్రాణానికి చాలదు. దాని మీద "టి" అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కండి. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే వెంటనే మార్పించండి.

ఒక్కొక్కప్పుడు ఇది మాటిమాటికీ పడిపోతుంటుంది. విసుగెత్తి "దీన్ని తప్పించి కలిపెయ్యి నాయనా" అని ఎలక్ట్రీషియన్‌తో చెప్పేవారున్నారు. మొరిగే కుక్కను చంపి దొంగకు తలుపు తీయడమంటే ఇదే. గీజరు కాయిలు పాడైందేమో, బయటి లైటులోకి వాన నీళ్లు దిగాయేమో, ఇన్వర్టరు న్యూట్రల్ తప్పుగా కలిపారేమో వెతికించండి.

దీనికీ ఒక హద్దు ఉంది. ఒక చేత్తో ఫేజును, రెండో చేత్తో న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకుంటే, ఈ సాధనానికి మీరూ ఒక బల్బులాగానే కనిపిస్తారు. అది పడకపోవచ్చు. కాబట్టి ఇది ఉన్నంత మాత్రాన తీగలతో ఆటలాడరాదు.

మూడో పిన్ను ఎందుకు లావు?

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, కొంచెం పొడుగ్గా ఉంటుంది. అది ఎర్తు పిన్ను. ప్లగ్గు దూర్చేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలని, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలని దాన్ని పొడుగు చేశారు. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పైది ఎర్తు, కుడిచేతి వైపుది ఫేజు, ఎడమచేతి వైపుది న్యూట్రల్.

ఈ పిన్ను విరిగిపోతే "రెండున్నాయిగా, పని చేస్తుంది" అని వాడుకుంటాం. సాకెట్టులో పట్టకపోతే రెండు పిన్నుల అడాప్టరు తగిలిస్తాం. వస్తువు పని చేస్తుంది, నిజమే. కాపలావాణ్ణి మాత్రం మన చేత్తోనే పంపేసినట్టు. ప్లగ్గు అసలే లేకుండా తీగల కొసలు ఒలిచి సాకెట్టులో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించే పద్ధతి ఇంకా మన ఇళ్లలో, పందిళ్లలో ఉంది. దీనంత ప్రమాదకరమైన పొదుపు మరొకటి లేదు.

ప్లగ్గుకు త్రాడు బిగించేటప్పుడు మూడు సంగతులు చూడండి. తీగల పోగులు ఒక్కటి కూడా బయటికి పొడుచుకు రాకూడదు. త్రాడు మీద పట్టీ గట్టిగా ఉండాలి. లోపల ఎర్తు తీగను మిగతా రెంటికన్నా కాస్త పొడుగు వదలాలి. త్రాడు లాగినప్పుడు ముందు ఫేజు ఊడి, చివర ఎర్తు ఊడాలి. త్రాడు పట్టుకుని ప్లగ్గును పీకే అలవాటు పిల్లలకు మొదటి నుంచీ మాన్పించండి.

సాకెట్టుకు కూడా శక్తికి హద్దు ఉంది. చిన్న సాకెట్టు ఆరు ఆంపియర్లది. అది మోయగలిగేది 1,380 వాట్లు. పెద్దది 16 ఆంపియర్లది, 3,680 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు చిన్నది చాలు. 1,500 వాట్ల నీళ్ల రాడ్‌కు ఆరున్నర ఆంపియర్లు కావాలి, చిన్నది చాలదు. రెండు వేల వాట్ల గీజరుకు పెద్దది తప్పదు. ప్లగ్గు వేడెక్కినా, రంగు మాడినా, కాలిన వాసన వచ్చినా ఆ సాకెట్టును వాడటం ఆపండి.

గోడలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. వెనక తీగే లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూడమనండి. దేదీప్యమానంగా వెలగాలి. ఆర్.సి.సి.బి. ఉంటే అది టక్కున పడిపోతుంది. అదీ మంచి గుర్తే. మినుకుమినుకుమంటే ఎర్తు బలహీనంగా ఉన్నట్టు. పెరట్లో ఎర్తు గొట్టం పాతి చుట్టూ బొగ్గు, ఉప్పు పోసిన గుంట ఎండాకాలంలో ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండండి. ఒకప్పుడు నీళ్ల గొట్టానికే ఎర్తు తగిలించేవారు. ఇవాళ గొట్టాలు ప్లాస్టిక్‌వి. ఆ ఎర్తు వట్టి భ్రమ.

ఒక దొంగపని గురించి హెచ్చరించాలి. ఎర్తు లేని చోట, సాకెట్టులోనే న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న తీగముక్కతో కలిపేసేవారున్నారు. పైకి అంతా బాగానే ఉంటుంది. ఏ రోజున ఆ న్యూట్రల్ తీగ తెగుతుందో ఆ రోజున ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు ఎక్కి కూర్చుంటాయి. దీన్ని ఎంతమాత్రమూ ఒప్పుకోవద్దు.

ఇంట్లో కన్నేసి ఉంచవలసిన చోట్లు

దండెం: ఇనుప తీగ దండెం ప్రాణాలు తీయగలదు. అది సర్వీసు తీగకో, రేకుల షెడ్డుకో, కరెంటు స్తంభానికో తగిలి ఉంటే, తడిబట్ట ఆరవేసే మనిషి తడిచేతులతో నేరుగా కరెంటును పట్టుకున్నట్టే. అలా ఒకరు పడిపోతే, లాగబోయి ఇంట్లో రెండోవారు కూడా ప్రాణం పోగొట్టుకోవచ్చు. ఇవాళే ఇనుప తీగ తీసేసి నైలాన్ త్రాడు కట్టండి.

నీళ్ల రాడ్: స్విచ్చి వేసి ఉండగా నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడకండి. స్విచ్చి తీసి, ప్లగ్గు కూడా పీకి, అప్పుడే ముట్టుకోండి. ఇనుప బకెట్టు అసలు వద్దు. స్నానాల గదిలో పిల్లలు తిరిగే చోట పెట్టవద్దు.

ఎయిర్ కూలరు: ఇనుప ఒళ్లు, లోపల నీళ్లు, చుట్టూ తడిగచ్చు. మూడు ప్రమాదాలూ ఒక్కచోటే ఉన్నాయి. నడుస్తుండగా నీళ్లు పోయవద్దు. ఏడాదికొకసారి వేసవికి ముందు ఎర్తు చూపించండి.

మోటారు, గ్రైండరు, వాషింగ్ మెషీన్: ఇవన్నీ నీళ్లతో పని. సంపులోకి దిగే ముందు మోటారు ప్లగ్గు పీకి తీరాలి. గ్రైండరు కడిగేముందు కూడా అంతే.

సెల్‌ఫోను: చార్జింగులో పెట్టి ఫోను పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్లవద్దు. నాసిరకం చార్జర్లలో 230 వోల్టులకూ మీ చేతికీ మధ్య ఉన్న అడ్డు చాలా పల్చన. బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నది కొనండి.

పసిపిల్లలు: పాకే బిడ్డ వేలు సరిగ్గా కింది సాకెట్టు ఎత్తుకు అందుతుంది. లోపల మూతలుండే షట్టరు సాకెట్లు పెట్టించండి. త్రాడు నోట్లో పెట్టుకుని కొరికితే పెదవి మూల కాలిపోతుంది. పైకి చిన్న పుండులా కనిపించినా, వారం పది రోజులకు పొక్కు ఊడినప్పుడు రక్తం ధారగా కారవచ్చు. ఆ బిడ్డను తప్పక డాక్టరుకు చూపించాలి.

టెస్టరు గురించి ఒక మాట. అది వెలిగితే కరెంటు ఉన్నట్టే. వెలగకపోతే లేదని మాత్రం అనుకోవద్దు. టెస్టరు చెడిపోయి ఉండవచ్చు. ముందు కరెంటు ఉన్న చోట వెలిగించి చూసి, ఆ తర్వాతే దాన్ని నమ్మండి.

షాకు కొట్టినప్పుడు

మనవాళ్లు గిలగిల కొట్టుకుంటుంటే పరుగెత్తి పట్టుకోవాలనిపిస్తుంది. ఆ క్షణంలో ఆగగలిగినవారే వారిని బతికించగలరు. ముట్టుకోకండి. మొదట మెయిన్ తీసేయండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ తీసినా సగం ఇంట్లో కరెంటు ఉంటుందని మరవకండి. దాన్ని కూడా ఆపాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

మెయిన్ దూరంగా ఉంటే, పొడిగా ఉన్న చెక్క మీదో, ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి, పొడి కర్రతోనో మరో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను పక్కకు నెట్టండి. పచ్చి కొమ్మ, తడిబట్ట, ఇనుప కడ్డీ పనికిరావు. ఇది ఇంట్లో కరెంటుకు మాత్రమే. వీధిలో తెగిపడిన తీగ దగ్గరికి వెళ్లవద్దు. దూరంగా నిలబడి అందరినీ ఆపి, 1912కు ఫోను చేయండి.

మనిషి తీగ నుంచి విడిపోయాక పిలిచి చూడండి. పలకక, ఊపిరి తీయకపోయినా, చేపలా అప్పుడప్పుడు ఎగపీలుస్తున్నా గుండె ఆగినట్టే లెక్క. ఒకరిని 108కో 112కో ఫోను చేయమని, మీరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేయి, దానిపై రెండో చేయి ఆనించి, మోచేతులు వంచకుండా నిటారుగా నొక్కండి. పెద్దవాళ్లకు రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఊదడం నేర్చినవారైతే ప్రతి 30 నొక్కులకూ రెండుసార్లు ఊదాలి. తెలియకపోతే నొక్కడం ఒక్కటే చేసినా మేలే. పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు లోతు నొక్కాలి, ఊపిరి కూడా ఊదడం ముఖ్యం. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ఈ వైద్యం పుట్టుకలో కూడా కరెంటు షాకు పాత్ర ఉంది. కరెంటు కంపెనీల పనివాళ్లు షాకుతో చనిపోతున్నారని, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కి గుండె నడపవచ్చునని ఆయనా, జూడ్ అనే డాక్టరూ, నికర్‌బాకర్ అనే ఇంజనీరూ 1960లో ప్రకటించారు. "ఇందుకు కావలసింది రెండు చేతులే" అన్నదే దాని సారాంశం. కరెంటు షాకు తిన్నవాళ్లు తరచు అంతకు ముందు ఆరోగ్యంగా ఉన్నవారే గనుక, త్వరగా మొదలుపెడితే బతికే అవకాశం బాగానే ఉంటుంది. చనిపోయారని మీకు మీరే తేల్చేయకండి.

చేయకూడని పనులు

ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోతుందని మట్టిలోనో ఇసుకలోనో పాతిపెట్టడం కొన్నిచోట్ల చూస్తాం. కరెంటు ఒంట్లో నిలవ ఉండదు. తీగ విడిచిన మరుక్షణమే పోతుంది. ఆ మనిషిని ముట్టుకుంటే మీకు షాకు కొట్టదు. మట్టిలో పాతిన ఆ పది నిమిషాలే అతని ప్రాణం. అరికాళ్లకు నూనె రుద్దడం, స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయడం కూడా కూడదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పూయవద్దు. కరెంటు పూర్తిగా తీశాక, మామూలు చల్లని కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోసి, శుభ్రమైన బట్ట కప్పి తీసుకువెళ్లండి.

పైకి కనబడని దెబ్బలు

"చిన్న మచ్చేగా పడింది" అనుకోకండి. కరెంటు లోపలికి దిగిన చోటా బయటికి పోయిన చోటా చిన్న గాయమే కనిపించవచ్చు. మధ్యలో కండరాలు ఉడికిపోయి ఉండవచ్చు. దెబ్బతిన్న కండరాల్లోని పదార్థం మూత్రపిండాలను అడ్డగిస్తుంది. మూత్రం కాఫీ డికాషను రంగులో వస్తే అది ప్రమాద సూచన. బిగుసుకున్న కండరాల ధాటికి భుజం కీలు తొలగవచ్చు.

స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా, ఛాతీ నొప్పి ఉన్నా, కాలిన గాయం ఉన్నా, చేతికి పట్టు లేకపోయినా, షాకు తిన్నది చంటిబిడ్డ అయినా ఆస్పత్రికి వెళ్లి ఇ.సి.జి. తీయించుకోవాలి. గుండెజబ్బు ఉన్నవారికీ ఇదే మాట. గర్భిణి అయితే షాకు చిన్నదే అనిపించినా, తనకేమీ బాధ లేకపోయినా, కడుపులో బిడ్డ సంగతి డాక్టరు చేత చూపించుకోవాలి.

ఈ ఆదివారం ఒక గంట

ఇంటివారంతా కలిసి ఒక గంట వెచ్చించండి. మెయిన్ ఎక్కడుందో, ఎలా తీయాలో పదేళ్లు దాటిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ చూపించండి. ఆర్.సి.సి.బి. మీట నొక్కి చూడండి. అది లేకపోతే పెట్టించండి. అద్దె ఇల్లయితే ఇంటివారితో మర్యాదగానే గట్టిగా అడగండి. అడాప్టర్లు, అతుకుల త్రాళ్లు, మాడిన ప్లగ్గులు ఒకచోట పోగు చేసి పారేయండి. జివ్వుమనే వస్తువు ఏదైనా ఉంటే ప్లగ్గు పీకి, బాగుచేయించేదాకా దాని మీద ఒక కాగితం అంటించండి. ఇనుప దండెం విప్పేయండి. గుండె నొక్కే పద్ధతిని మీ ఊళ్లో ఎవరైనా నేర్పుతుంటే ఇంటికొకరైనా వెళ్లి నేర్చుకోండి.

వీటన్నింటికీ అయ్యే ఖర్చు మీ ఇంట్లో ఒక పెద్ద జ్వరానికి అయ్యే ఖర్చు కన్నా ఎక్కువ కాకపోవచ్చు. జివ్వుమన్న చేతికి చెప్పులు మందు కాదు. గోడలోని జబ్బును నయం చేయించండి.